ఎనిమిది జోడీలు, పదిహేను మ్యాచ్‌లు

గోదావరి డెల్టాలో టెన్నిస్ అంటే డబుల్సే. భీమవరం వెళ్లినా, అమలాపురం వెళ్లినా, తణుకు, పాలకొల్లు, రామచంద్రపురం ఎటు వెళ్లినా ఒక ఆఫీసర్స్ క్లబ్బో టౌన్ హాలో ఉంటుంది. దాని పక్కన ఒకటో రెండో కోర్టులు, సాయంత్రం నాలుగున్నరకి బెంచీ మీద వంతు కోసం కూర్చున్న పదిమంది. ఇద్దరే దిగి సింగిల్స్ ఆడుతూ పోతే మిగతావాళ్లకి ఆట దక్కేలోపే చీకటి పడుతుంది. అందుకని నలుగురు దిగుతారు, ఒక సెట్టు ఆడతారు, ఓడినవాళ్లు బయటికొచ్చి ఇంకో ఇద్దరికి చోటిస్తారు. అంటే మనవాళ్లు ఏడాది పొడుగునా ఆడేది జోడీ ఆట. అలాంటిచోట సంక్రాంతి ముందు పెట్టే పెద్ద టోర్నమెంటు మాత్రం జోడీని పరీక్షించేలా ఉండదు. 16 జోడీల పేర్లు రాసుకుని, చీటీలు తీసి, నాకౌట్ వేసి, ఆదివారం సాయంత్రానికల్లా కప్పు చేతిలో పెట్టేస్తారు. ఈ పద్ధతి మారాలి. ఎలా మార్చాలో ప్రపంచ స్థాయిలో ఏడాది చివర జరిగే డబుల్స్ ఛాంపియన్‌షిప్ ఎప్పుడో చూపించింది. దాన్ని మన కోర్టుకీ, మన ఎండకీ, మన మంచుకీ సరిపడేలా దించుకోవడమే మిగిలింది.

మొదట ఒక చిన్న లెక్క. 16 జోడీల నాకౌట్‌లో మ్యాచ్‌లు 15. మొదటి రోజే 8 జోడీలు ఇంటికి పోతాయి. ఏడాదంతా కలిసి ఆడిన ఇద్దరు, ఒక్క పూట బంతి కుదరక, గంటన్నరలో అయిపోయారన్నమాట. ఇప్పుడు 8 జోడీలని తీసుకుని నాలుగేసి చొప్పున రెండు గ్రూపులు చేయండి. ఒక్కో గ్రూపులో అందరితో అందరూ ఆడితే 6 మ్యాచ్‌లు, రెండు గ్రూపులకీ 12. సెమీస్ 2, ఫైనల్ 1. మొత్తం మళ్లీ 15. కోర్టు అదే, రోజులూ ఇంచుమించు అవే. కానీ ప్రతి జోడీకీ కనీసం 3 మ్యాచ్‌లు ఖాయం, కప్పు కొట్టాలంటే 5 ఆడాలి. ఒక మ్యాచ్ ఓడినా లేచి నిలబడే వీలుంటుంది. మరి మిగతా 8 జోడీల సంగతేమిటని అడుగుతారు. వాళ్ల అవకాశం ఏడాది పొడుగునా ఉంటుంది, దాని గురించి కింద చెబుతాను.

పైన చెప్పిన ఏడాది చివరి ప్రపంచ ఛాంపియన్‌షిప్, అంటే పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్‌లోని ఏటీపీ ఫైనల్స్‌లో జరిగేది ఇదే. 1970లో టోక్యోలో మాస్టర్స్ అనే పేరుతో అది మొదలైనప్పుడే డబుల్స్ ఉంది, ఆర్థర్ ఆష్, స్టాన్ స్మిత్ గెలిచారు. 1978 నుంచి 1984 దాకా వరసగా ఏడుసార్లు జాన్ మెకన్రో, పీటర్ ఫ్లెమింగ్‌లే కప్పు ఎగరేసుకుపోయారు. 1986 నుంచి డబుల్స్‌ని సింగిల్స్ నుంచి విడదీసి వేరే ఊళ్లలో పెట్టారు. జొహానెస్‌బర్గ్, జకార్తా, హార్ట్‌ఫర్డ్ తిరిగి తిరిగి 2000లో బెంగళూరు వచ్చింది. 2003లో హ్యూస్టన్‌లో మళ్లీ సింగిల్స్ పక్కకి చేరింది, అప్పటినుంచీ కలిసే ఉంది. 2009 నుంచి 2020 దాకా లండన్, 2021 నుంచి ట్యూరిన్. విడిగా తిప్పడం పొరపాటేనని నా నమ్మకం. సింగిల్స్ కోసం వచ్చిన జనం డబుల్స్ చూసి అక్కడే కూర్చుండిపోతారు కానీ, డబుల్స్ కోసమే టికెట్టు కొనే జనం ప్రపంచంలో తక్కువ. మన డెల్టాలో మాత్రం ఇది తలకిందులు. ఇక్కడ చూసేవాళ్లంతా డబుల్స్ ఆడేవాళ్లే. నెట్ దగ్గర మనిషి అరడుగు ముందే కదిలితే బెంచీ మీదివాళ్లకి తెలిసిపోతుంది. ఇంత తెలిసిన ప్రేక్షకుల ముందు అరకొర టోర్నమెంటు పెట్టడం అన్యాయం.

ఈ ఛాంపియన్‌షిప్ మనవాళ్లని బాగా ఏడిపించింది కూడా. లియాండర్ పేస్, మహేశ్ భూపతి కలిసి మూడుసార్లు ఫైనల్ చేరారు. 1997, 1999లలో హార్ట్‌ఫర్డ్‌లో, 2000లో బెంగళూరులో. మూడూ ఓడారు. బెంగళూరులో సొంత జనం ముందు డొనాల్డ్ జాన్సన్, పీట్ నార్వాల్ చేతిలో వరస సెట్లలో పోయింది. పేస్ 2005లో జిమోనిచ్‌తో మళ్లీ ఫైనల్ దాకా వచ్చాడు, భూపతి 2010లో మిర్నీతో, 2012లో రోహన్ బోపన్నతో వచ్చాడు, బోపన్న 2015లో మెర్జియాతో వచ్చాడు. ఒక్కటీ దక్కలేదు. గ్రాండ్‌స్లామ్ కప్పులు తెచ్చిన చేతులే ఇవి. ఆ లోటు తీర్చింది, మహిళలకి విడిగా జరిగే ఏడాది చివరి ఛాంపియన్‌షిప్‌లో, హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా. 2014లో సింగపూర్‌లో కారా బ్లాక్‌తో ఫైనల్ 6–1, 6–0తో గెలిచింది, 2015లో మార్టినా హింగిస్‌తో ఒక్క సెట్టూ వదలకుండా గెలిచింది.

సానియా గెలిచిన ఆ రెండేళ్లలోనే మన వాదానికి కావలసిన పోలిక దొరుకుతుంది. 2014లో మహిళల డబుల్స్ నాకౌట్. సెమీస్‌లో సానియా, కారా బయటపడింది మ్యాచ్ టైబ్రేక్‌లో (మూడో సెట్టు బదులు ఆడే 10 పాయింట్ల ఆట) 11–9తో. రెండు పాయింట్లు అటు పడి ఉంటే ఆ కప్పే లేదు. 2015లో గ్రూపు పద్ధతి పెట్టారు, ఐదు మ్యాచ్‌లు ఆడి ఐదూ గెలిచారు. రెండూ కప్పులే. కానీ ఎవరు గట్టి జోడీ అన్న ప్రశ్నకి రెండోదే జవాబు చెప్పింది.

జోడీ అన్న మాట దగ్గర ఆగాలి. ఏటీపీ ఫైనల్స్‌కి అర్హత ఇద్దరు ఆటగాళ్ల విడివిడి ర్యాంకుల వల్ల రాదు. ఆ ఏడాది ఆ ఇద్దరూ కలిసి సంపాదించిన పాయింట్ల వల్ల వస్తుంది. మొదటి ఏడు జోడీలు నేరుగా వస్తాయి. ఎనిమిదో చోటు, ఆ ఏడాది గ్రాండ్‌స్లామ్ గెలిచి 8 నుంచి 20 లోపు ర్యాంకులో ఉన్న జోడీ ఏదైనా ఉంటే దానికి, లేకపోతే ఎనిమిదో జోడీకే. మన దగ్గర జరిగేది దీనికి సరిగ్గా ఎదురు. ఏడాదంతా ఎవరితోనో ఆడి, టోర్నమెంటు వారం ముందు క్లబ్బులో ఉన్న ఇద్దరు గట్టివాళ్లు ఒకటైపోతారు. మిగతావాళ్లకి అప్పుడే ఉత్సాహం చచ్చిపోతుంది. విచిత్రమేమిటంటే, అలా కలిసినవాళ్లు చాలాసార్లు మధ్యలో పడ్డ బంతి దగ్గర ఓడిపోతారు, నువ్వనుకున్నానంటే నువ్వనుకున్నానని ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ.

ప్రపంచంలో అత్యుత్తమ జోడీ ఏదంటే మెకన్రో, పక్కన ఇంకెవరైనా అని ఫ్లెమింగే అన్న మాట ప్రసిద్ధం. అది స్నేహితుడి పెద్దమనసు. ఆ ఏడు కప్పులూ మెకన్రో కొట్టింది ‘ఇంకెవరైనా’తో కాదు, ఫ్లెమింగ్‌తోనే. డేనియల్ నెస్టర్ ముగ్గురు వేర్వేరు భాగస్వాములతో నాలుగుసార్లు గెలిచాడు కదా అంటారేమో. నిజమే, నోల్స్‌తో ఒకసారి, జిమోనిచ్‌తో రెండుసార్లు, మిర్నీతో ఒకసారి. కానీ ప్రతిసారీ ఆ మనిషితో ఆ ఏడాదంతా ఆడి అర్హత తెచ్చుకున్నాకే. బ్రయన్ సోదరుల సంగతి చెప్పనే అక్కర్లేదు, 2003, 2004, 2009, 2014. అన్నదమ్ములు, అదీ కవలలు.

కాడికి కట్టే ఎడ్ల సంగతి మనకి కొత్తగా చెప్పాలా? ఎలపటెద్దుని దాపట కడితే చాలు సరిగ్గా నడవదు. డబుల్స్‌లో డ్యూస్ కోర్టు (కుడి సగం) ఎలపట, యాడ్ కోర్టు (ఎడమ సగం) దాపట. రిసీవ్ చేసే వైపు సెట్టు మొదట్లో ఎంచుకున్నాక ఆ సెట్టంతా మారకూడదు, ఇది రూలు. డ్యూస్ వైపువాడికి నెట్ మనిషి మీదుగా కాకుండా అడ్డంగా, అవతల సర్వర్ కాళ్ల దగ్గర దించే రిటర్న్ కావాలి. యాడ్ వైపువాడికి కుదురు కావాలి, ఎందుకంటే 30–40, 40–30 లాంటి గేమ్ తేల్చే పాయింట్లు ఆ వైపే వస్తాయి. ఇద్దరూ కుడిచేతివాళ్లయితే మధ్య బంతి యాడ్ వైపువాడిది, అతని ఫోర్‌హ్యాండ్ మధ్యకుంటుంది కాబట్టి. ఇది కోర్టులోకి దిగే ముందే మాట్లాడుకోవాలి. పిలుపులు నాలుగు చాలు: ‘నాది’, ‘నీది’, ‘వదిలెయ్’, ‘మారు’. బంతి మనవైపు వస్తున్నంతసేపే పిలుచుకోవాలి. మనం కొట్టి, బంతి అవతలివాళ్ల దగ్గరికి వెళ్తున్నప్పుడు గట్టిగా అరిస్తే అడ్డంకి కింద పాయింటు పోవచ్చు. క్లబ్బు మ్యాచ్‌ల్లో గొడవల్లో సగం ఇక్కడే పుడతాయి.

అందుకని ముందు రేసు పెట్టాలి. ఉగాది నుంచి డిసెంబరు రెండో వారం దాకా జోడీగా ఆడిన ప్రతి మూడు సెట్ల మ్యాచ్‌నీ క్లబ్బు పుస్తకంలో రాయండి. గెలిస్తే 3 పాయింట్లు, మూడో సెట్టుదాకా తీసుకెళ్లి ఓడితే 1. ఒకే జోడీతో ఏడాదిలో రెండు మ్యాచ్‌లకి మించి లెక్కలోకి తీసుకోకూడదు. లేకపోతే బలహీనమైన జోడీని పట్టుకుని పదిసార్లు ఓడించి పాయింట్లు పోగేసుకుంటారు. జోడీగా కనీసం 10 మ్యాచ్‌లు ఆడి ఉండాలి. జులై నుంచి అక్టోబరు దాకా వానల్లో కోర్టు సగం రోజులు పనికిరాదు కాబట్టి అంతకంటే ఎక్కువ అడిగితే ఎవరూ అందుకోలేరు. పైనున్న 8 జోడీలు ఛాంపియన్‌షిప్‌కి, తొమ్మిదోది రిజర్వుకి. 16 జోడీలకి ఒక్క పూట ఆశ చూపించే బదులు, ఎంతమంది ఉంటే అంతమందికి తొమ్మిది నెలల ఆట దొరుకుతుంది. పెద్దవయసువాళ్ల కోసం ఇద్దరి వయసులూ కలిపి 100 దాటాలనే విభాగం పెట్టే క్లబ్బులు దానికి వేరే పుస్తకం పెట్టుకోవాలి, ఇందులో కలపకూడదు.

గ్రూపులు వేసేటప్పుడు ఒకటో జోడీ ఒక గ్రూపులో, రెండోది ఇంకో గ్రూపులో. తర్వాత 3–4, 5–6, 7–8 జంటలుగా తీసుకుని చీటీలతో అటొకటి ఇటొకటి వేయాలి. మొదటి రోజు మ్యాచ్‌లయ్యాక రెండో రోజు గ్రూపులో గెలిచినవాళ్లు గెలిచినవాళ్లతో, ఓడినవాళ్లు ఓడినవాళ్లతో ఆడాలి. ఇలా చేస్తే మూడో రోజున పస లేని మ్యాచ్‌లు తగ్గుతాయి. సెమీస్‌లో ఒక గ్రూపు మొదటివాళ్లు రెండో గ్రూపు రెండోవాళ్లతో.

స్కోరింగ్ దగ్గరే అసలు వాదన. ఏటీపీ డబుల్స్‌లో యాడ్ (40–40 తర్వాత రెండు పాయింట్ల తేడా వచ్చేదాకా ఆడటం) లేదు. 40–40 దగ్గర ఒకే పాయింటు, ఏ వైపు రిసీవ్ చేయాలో రిసీవింగ్ జోడీ ఎంచుకుంటుంది. చెరో సెట్టూ గెలిస్తే మూడో సెట్టు బదులు 10 పాయింట్ల మ్యాచ్ టైబ్రేక్, రెండు పాయింట్ల తేడా కావాలి. పాతకాలం వాళ్లకి ఇది కంటగింపు. నాకు మాత్రం యాడ్ తీసేయడం మన క్లబ్బులకి వరమనే అనిపిస్తుంది. ఒక మ్యాచ్ గంటన్నరలో తెమిలిపోతుందని నమ్మకంగా చెప్పగలిగితేనే ఒకే కోర్టు మీద టోర్నమెంటు నడుస్తుంది. పైగా ఆ ఒక్క పాయింటు జోడీ బుర్రని పరీక్షిస్తుంది. రిసీవర్ ఎవరు అన్నది అలవాటుగా కాకుండా లెక్కగా తేల్చుకోవాలి. ఆ సర్వర్ డ్యూస్ వైపు మధ్య గీతకి బాగా వేస్తున్నాడా, యాడ్ వైపు బయటికి తిప్పుతున్నాడా, ఇప్పటిదాకా మనలో ఎవరి రిటర్న్ నెట్ దాటుతోంది? చాలామంది ‘నువ్వే తీసుకో’ అని మర్యాదకి పోతారు. మర్యాద వల్ల పోయిన గేమ్‌లు లెక్కలేనన్ని.

మ్యాచ్ టైబ్రేక్ మొదలయ్యేటప్పుడు ఒక సంగతి మరిచిపోతారు. ఏ జోడీ సర్వ్ చేయాలన్న వరస పాతదే కొనసాగుతుంది, కానీ జోడీలో ఎవరు ముందు సర్వ్ చేయాలో, ఎవరు ఏ వైపు రిసీవ్ చేయాలో కొత్త సెట్టులాగే మార్చుకోవచ్చు. మొదటి సర్వర్‌కి ఒక పాయింటు, ఆ తర్వాత అందరికీ రెండేసి, ఆరు పాయింట్లకోసారి వైపు మార్పు. కాబట్టి ఆ రోజు బాగా పడుతున్న సర్వ్ ఎవరిదో వాళ్లు ముందుండాలి, అలసినవాళ్లు తర్వాత.

మ్యాచ్ టైబ్రేక్‌ని గ్రూపు మ్యాచ్‌ల్లో, సెమీస్‌లో పెట్టండి. ఫైనల్‌లో మాత్రం పెట్టొద్దు. 2012 ఫైనల్‌లో భూపతి, బోపన్న మొదటి సెట్టు 5–7తో పోగొట్టుకుని రెండోది 6–3తో లాక్కున్నారు. ఆట వాళ్లవైపు తిరిగింది. తర్వాత టైబ్రేక్‌లో గ్రానోల్లెర్స్, లోపెజ్ 10–3తో ముగించేశారు. ఏడాది మొత్తానికి ఒక్క మ్యాచ్, దానికి ఇంకో నలభై నిమిషాలు ఇవ్వలేకపోవడం టీవీవాళ్ల అవసరం కావచ్చు. మనకి టీవీ లేదు.

టై పడినప్పుడు ఏం చేయాలన్నది టోర్నమెంటు మొదలవకముందే నోటీసు బోర్డు మీద ఉండాలి. వరస ఇది: ముందు గెలిచిన మ్యాచ్‌లు, సమానమైతే ఎక్కువ మ్యాచ్‌లు ఆడినవాళ్లు, ఇద్దరే సమానమైతే వాళ్లిద్దరి మధ్య మ్యాచ్ గెలిచినవాళ్లు. ముగ్గురు సమానమైతే గెలిచిన సెట్ల శాతం, అదీ సమానమైతే గేమ్‌ల శాతం. సెట్ల సంఖ్య కాదు, శాతం. దీని మీదే ఎక్కువ తగువులు వస్తాయి కాబట్టి ఒక లెక్క వేసి చూద్దాం. ఒక గ్రూపులో భీమవరం, అమలాపురం, తణుకు, రాజోలు జోడీలు ఉన్నాయనుకోండి. భీమవరం అమలాపురాన్ని 2–0తో, అమలాపురం తణుకుని 2–1తో, తణుకు భీమవరాన్ని 2–1తో ఓడించాయి. రాజోలు అందరి చేతిలో ఓడింది, భీమవరం, అమలాపురం చేతిలో 0–2తో, తణుకు చేతిలో 1–2తో. ముగ్గురికీ రెండేసి గెలుపులు. సెట్లు చూస్తే భీమవరం 5 గెలిచి 2 ఓడింది, 71.4 శాతం. తణుకు 5 గెలిచి 4 ఓడింది, 55.6 శాతం. అమలాపురం గెలిచింది 4 సెట్లే, కానీ ఓడింది 3, కాబట్టి 57.1 శాతం. అమలాపురం సెమీస్‌కి, తణుకు ఇంటికి. తణుకువాళ్లకి ‘మేం ఒక సెట్టు ఎక్కువ గెలిచాం కదా’ అని కడుపు మండుతుంది. కానీ వాళ్లు పోగొట్టుకున్నది చివరిస్థానంలో ఉన్న రాజోలు మీద ఏమరుపాటుగా వదిలేసిన ఆ ఒక్క సెట్టు. అది గెలిచి ఉంటే 5–3, అంటే 62.5 శాతం, వాళ్లే వెళ్లేవాళ్లు. గ్రూపు పద్ధతి గొప్పతనం ఇదే. తేలిక జోడీ మీద కూడా ప్రతి సెట్టూ ఆడి తీరాలి. గేమ్‌ల దాకా వెళ్లాల్సి వస్తే మ్యాచ్ టైబ్రేక్‌ని ఒక సెట్టుగా, ఒక గేమ్‌గా లెక్కించమని ముందే రాసిపెట్టండి. మధ్యలో ఎవరైనా కాలు పట్టేసి ఆగిపోతే అది వరస సెట్ల ఓటమి కింద లెక్క.

ఇక తేదీలు. ప్రపంచ ఛాంపియన్‌షిప్ నవంబరులో జరుగుతుంది. మనకది కుదరదు. అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం, పైగా సార్వా కోతలు, నూర్పిళ్లు. క్లబ్బులో ఆడేవాళ్లలో రైతులు, మిల్లర్లు, వడ్డీ వ్యాపారులు, ధాన్యం కమిషన్‌వాళ్లు ఎంతమంది ఉంటారో చెప్పక్కర్లేదు. డిసెంబరు నెలాఖరుకి కాస్త తెరిపి దొరుకుతుంది. అప్పుడు రెండు శనాదివారాలు తీసుకోండి. రోజుకి నాలుగు మ్యాచ్‌లు, అంటే ఎనిమిది జోడీలూ రోజుకి ఒకసారి. మూడు రోజుల్లో గ్రూపులు పూర్తి, నాలుగో రోజు సెమీస్. ఫైనల్ భోగికి రెండు మూడు రోజుల ముందు ఒక సాయంత్రం. భోగి నుంచి కనుమ దాకా పెడితే బరుల దగ్గరికి పోయిన జనం కోర్టు దగ్గరికి రారు.

రోజులో వేళలు మంచుని బట్టి పెట్టుకోవాలి. పొద్దున 8:30కి ముందు కోర్టు తడిగా ఉంటుంది. సాయంత్రం ఐదూ ముప్పావుకల్లా పొద్దు గుంకుతుంది, ఆ తర్వాత మంచు దిగడం మొదలు. లైట్లున్నాయి కదా అని ఏడింటిదాకా లాగితే బంతి మీది ఊలు తడి పీల్చుకుని బరువెక్కుతుంది. గ్రావెల్ కోర్టయితే మట్టి అంటుకుని ఇంకా లావవుతుంది. సర్వ్ వేగం చచ్చిపోతుంది, వాలీ కొట్టినా బంతి అవతల చావదు, లాబులు (అవతలివాళ్ల తల మీదుగా ఎత్తి కొట్టే బంతులు) పొట్టిగా పడతాయి. అప్పుడు గెలిచేది మంచి జోడీ కాదు, ఓపికగా లాబులేసే జోడీ. అందుకని పొద్దున 8:30కి ఒకటి, 10కి ఒకటి, మధ్యాహ్నం 2:30కి ఒకటి, 4కి ఒకటి.

ఎండ సంగతి ట్యూరిన్‌లో లేదు, అక్కడ పైకప్పు కింద ఆడతారు. మనకి ఉంది, అది మ్యాచ్‌ని తేల్చేంత ఉంది. కోర్టు ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. పుష్యమాసంలో సూర్యుడు రోజంతా దక్షిణం వైపే నడుస్తాడు. కాబట్టి ఉత్తరం వైపు నిలబడినవాళ్లకే ఎప్పుడూ కళ్లలో వెలుతురు. పొద్దున సూర్యుడు ఆగ్నేయంలో ఉంటాడు. ఉత్తరం నుంచి సర్వ్ చేసే ఎడమచేతివాడు బంతి ఎగరేసి చూసేది అటే. మధ్యాహ్నం నుంచి నైరుతికి మళ్లుతాడు, అప్పుడు కుడిచేతివాడికి ఇబ్బంది. ఇందులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. బేసి గేమ్‌ల తర్వాత వైపులు మారడం, సర్వ్ నలుగురి మధ్య తిరగడం, ఈ రెండూ కలిసి ఒక సెట్టులో ఒక సర్వర్ ఎప్పుడూ ఒకే వైపు నుంచి సర్వ్ చేస్తాడు. మొదటి గేమ్ ఉత్తరం నుంచి వేసినవాడు ఐదోదీ తొమ్మిదోదీ ఉత్తరం నుంచే, మూడో గేమ్ వేసే అతని భాగస్వామి దక్షిణం నుంచే. అంటే సెట్టు మొదట్లో ఎవరి చేతికి బంతి ఇచ్చామన్నదే ఆ సెట్టంతా ఎవరికి ఎండ అన్నది తేల్చేస్తుంది. జోడీలో ఒక ఎడమచేతివాడుంటే మధ్యాహ్నం మ్యాచ్‌లో అతను ఉత్తరం నుంచి, కుడిచేతివాడు దక్షిణం నుంచి. పొద్దున మ్యాచ్‌లో దానికి తలకిందులు. ఇలా వేసుకుంటే ఇద్దరిలో ఎవరికీ ఎండ ఉండదు. కొత్త సెట్టు మొదలైనప్పుడు మళ్లీ చూసుకోవాలి, ఎందుకంటే ముందు సెట్టు 6–4తో ముగిస్తే వైపులు మారవు, 6–3తో ముగిస్తే మారతాయి. ఇద్దరూ కుడిచేతివాళ్లయితే సర్వ్ కంటే నిలకడ మీద ఆధారపడేవాడిని ఎండవైపు పెట్టాలి. బంతి ఎత్తుగా ఎగరేసేవాడిని పెడితే డబుల్ ఫాల్ట్‌లే. అంపైర్ కుర్చీ పడమర వైపు వేయండి, సాయంత్రం ఎండ వీపుకి తగులుతుంది, గీతలు కనిపిస్తాయి.

కోర్టు విషయం కొంచెమే చెబుతాను, కోర్టు చూసుకునే మార్కర్లకి నాకంటే బాగా తెలుసు. డెల్టా నల్లమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. దాని మీదే వేసిన కోర్టు ఏటా ఎక్కడో ఒకచోట కుంగుతుంది. మెట్ట నుంచి తెచ్చిన గ్రావెల్ పైపొర మీద ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లి, పొద్దున రోలర్ తిప్పాలి. మట్టి చెప్పుకి అంటుకుంటున్నంతసేపు తిప్పకూడదు, పైపొర రోలర్‌తో లేచి వస్తుంది. సున్నం గీతలు మందంగా వేస్తే బంతి పడి జారుతుంది. డబుల్స్‌కి అడ్డం 36 అడుగులు, పొడుగు 78 అడుగులు. కంచెల మధ్య మొత్తం 60కి 120 ఉంటే బేస్‌లైన్ వెనక 21 అడుగులు మిగులుతాయి. లాబు వెంట పరిగెత్తడానికి అంత కావాలి. చాలాచోట్ల అంత లేదు, అలాంటప్పుడు కంచె మీద ఉన్న ముళ్లతీగైనా తీసేయండి. నెట్ మధ్యలో 3 అడుగులు, స్తంభాల దగ్గర 3 అడుగుల 6 అంగుళాలు. టేపు లేకపోతే ఒక రాకెట్ నిలువుగా, దాని మీద ఇంకో రాకెట్ తల అడ్డంగా పెడితే మధ్య ఎత్తు వస్తుంది. 27 అంగుళాలు, 9 అంగుళాలు, కలిపి 36. ప్రతి సెట్టు ముందూ చూడాలి, తీగ సాగుతుంది.

బంతులు మ్యాచ్‌కో కొత్త డబ్బా. 15 మ్యాచ్‌లకి 15, ఫైనల్ మూడో సెట్టుకి ఇంకొకటి, చేతిలో రెండు. మొత్తం 18 డబ్బాలు, ఒకే బ్రాండు, ఒకే రకం. అనుమానం వస్తే సిమెంటు నేల మీద 100 అంగుళాల ఎత్తునుంచి వదలండి, 53 నుంచి 58 అంగుళాల మధ్య లేవాలి. అంతకంటే తక్కువైతే పక్కన పెట్టండి. కారు డిక్కీలో ఎండలో పెట్టిన డబ్బాలు వద్దు.

రిజర్వు జోడీ గురించి. ఏటీపీ ఫైనల్స్‌లో అర్హతలో తర్వాత ఉన్న జోడీని అక్కడే ఉంచుకుంటారు, ఎవరైనా తప్పుకుంటే దింపడానికి. మనకి ఇది ఇంకా అవసరం. సంక్రాంతి ముందు ఎవరింట్లోనో పెళ్లిచూపులొస్తాయి, ఎవరికో చెరువులో రొయ్య దెబ్బతింటుంది, ఎవరికో ఆఫీసులో ఇన్‌స్పెక్షన్. తొమ్మిదో జోడీ గ్రూపు రోజుల్లో మూడు రోజులూ బూట్లేసుకుని వచ్చి కూర్చోవాలి, వాళ్ల భోజనం క్లబ్బు ఖర్చు. వాళ్లు గెలిచిన మ్యాచ్‌లు వాళ్ల పేరునే లెక్క, తప్పుకున్న జోడీ ఖాతాలోకి పోవు. టై తేల్చే వరసలో ‘ఎక్కువ మ్యాచ్‌లు ఆడినవాళ్లు’ అన్న నియమం ఎందుకుందో ఇక్కడ తెలుస్తుంది.

ఫైనల్ 2:30కే మొదలుపెట్టండి. రెండు సెట్లకి గంటంబావు, పూర్తి మూడో సెట్టుకి నలభై నిమిషాలు, మధ్యలో నెట్ సరిచూడ్డానికీ కొత్త డబ్బా తెరవడానికీ పది. నాలుగున్నర దాటేసరికి అయిపోతుంది. పొద్దు గుంకడానికి ఇంకా గంట ఉంటుంది, బంతి పొడిగానే ఉంటుంది.